సిమిలిగుడ మిస్త్రీ గారికి కృతజ్ఞతలు

అమ్మకు ప్రమాదం తప్పిందని డాక్టరు గారు ఇప్పుడే చెప్పి వెళ్లారు. ఒళ్లు సహకరించడం లేదు, అయినా విశాఖ ఆసుపత్రి వరండాలో కూర్చుని ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. తమ్ముడు, మా ఆవిడ, బావగారు చేసిందానికి వేరే చెప్పనక్కరలేదు, వారు ఇంటివారు. చెప్పవలసింది ఒడిశాలోని సిమిలిగుడలో రోడ్డు పక్కన బండ్ల వైరింగు పని చేసుకునే ఒక ఒడియా పెద్దాయన గురించి.

ఒడిశా జయపురం వాళ్లం మేము, విశాఖ వెళ్లాలంటే 26వ నంబరు జాతీయ రహదారి మీదుగా వెళ్తాం. పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగేటప్పుడు చలికాలపు పొగమంచు ఎలా కమ్ముతుందో ఆ దారిన తిరిగేవారికి తెలుసు. మా కారుకు ఫాగ్ లైట్లు ఉన్నాయి గానీ, హెడ్‌లైట్లు వేస్తే తప్ప అవి వెలగవు. హెడ్‌లైటు వెలుతురు మంచు తుంపరల మీద పడి చెదిరి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. బంపరు దగ్గర కిందుగా ఉండే ఫాగ్ లైటు రోడ్డునూ దాని అంచులనూ వెడల్పుగా చూపిస్తుంది. రెండూ కలిసి వెలిగితే ఎదుట తెల్లటి తెర తప్ప మరేమీ కనబడదు.

ఈ సంగతి సర్వీసు సెంటరులో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, వైరు ముట్టుకుంటే వారంటీ పోతుందన్న జవాబే వచ్చింది. బండి ముందు వైపు ఫాగ్ లైట్లను హెడ్‌లైట్లతో నిమిత్తం లేకుండా వేసుకునే, ఆర్పుకునే వీలుండాలని ఎన్నో దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 48వ నంబరు వాహన నిబంధనలోనే ఉంది. లక్షలు పోసి కొన్న బండిలో ఆపాటి వీలు అడగడం మా అత్యాశ అయిపోయింది. ఘాట్ మలుపుల్లో చెరిగిపోయిన తెల్లగీతల గురించి ఇక ఎవరిని అడగాలో తెలియదు.

అమ్మను విశాఖ ఆసుపత్రికి తీసుకువెళ్తూ, ఘాట్‌కు ముందే లైట్లు సరిచేయించుకుందామని సిమిలిగుడలో ఆగేసరికి మిస్త్రీ గారు దుకాణం కట్టేస్తున్నారు. వెనక సీట్లో అమ్మను చూసి, మారుమాట లేకుండా తాళం మళ్లీ తీశారు. కరెంటు వస్తోందో లేదో చూపే టెస్ట్ ల్యాంపు పట్టుకుని, ఫాగ్ లైట్ల రిలేలోని, అంటే చిన్న కరెంటు అందగానే బల్బులకు పెద్ద కరెంటు వదిలే స్విచ్చిలోని, ఒక్కొక్క పిన్నూ చూశారు. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 30వ పిన్నుకు, 87వ పిన్ను నుంచి బల్బులకు వెళ్లే లావు వైర్లను ఆయన కదపలేదు. రిలేను లేపే 86వ పిన్నుకు హెడ్‌లైటు లో బీమ్ (కిందికి పడే వెలుతురు) నుంచి వస్తున్న సన్న తీగను మాత్రం విడదీసి, దాని కొసకు టేపు చుట్టి, పిన్నుకు పార్కింగ్ లైటు నుంచి కొత్త తీగను స్విచ్చి మీదుగా తెచ్చి టంకం పెట్టారు. తిన్నగా బ్యాటరీ నుంచే తీసుకోవచ్చు కదా అని అడిగాను.

“ఆర్పడం మరిచిపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఉండదు బాబూ. ఇలాగైతే వెనక ఎర్ర లైటు కూడా వెలుగుతుంది. వెనకొచ్చే లారీవాడికి మీరు కనబడాలి కదా” అన్నారు తన ఒడియా యాస తెలుగులో.

తీగ ఖరీదు, స్విచ్చి ఖరీదు తీసుకుని మిగతా నోట్లు నా జేబులోనే పెట్టేశారు. నీలం రంగు ఫ్యూజు ఒకటి కాగితంలో పొట్లం కట్టి, ఘాట్‌లో దొరకదంటూ డాష్‌బోర్డులో ఉంచారు. అప్పటికీ నేను తట్టుకున్నాను. సాలూరులో ఉండగా ఆయనే ఫోను చేసి, తీగ దగ్గర వేడి గానీ వాసన గానీ వస్తోందా అని ముందు అడిగి, ఆ తరువాత “మా ఎలా ఉంది?” అన్నారు. ఒడియాలో మా అంటే అమ్మ. నాకు గొంతు పెగల్లేదు. తమ్ముడు ఫోను తీసుకుని మాట్లాడాడు.

ఆయన పేరు ఇక్కడ రాయవద్దన్నారు, రాయడం లేదు. మిస్త్రీ గారూ, మీకు శతకోటి నమస్కారాలు.

మరిచాను, టార్చి పట్టుకుని చలిలో నిలబడిన ఆ దుకాణం కుర్రవాడికి కూడా. సుంకి మలుపుల్లో ఇండికేటరు వేసి మాకు ముందు నడిచిన లారీ డ్రైవరుకు కూడా, ఆయన ముఖమైనా చూడలేదు. అమ్మకు వేడినీళ్లిచ్చి డబ్బు పుచ్చుకోని పొట్టంగి టీ కొట్టు ఆవిడకు. మిస్త్రీ గారి దుకాణం గుర్తులు చెప్పిన ఎదురింటి మాస్టారికి. మాస్టారూ, మీ ఫ్లాస్కు మా దగ్గరే ఉంది, రాగానే ఇస్తాను.