విసుక్కున్న పాఠకుడి పక్షాన

సంపాదకులకు,

అమెరికన్ రచయిత విలియం ఫాక్నర్ నవల 'ది సౌండ్ అండ్ ద ఫ్యూరీ' (1929) గురించి మీరు ప్రచురించిన రెండు లేఖలు చదివాను. ఒకరు మహాకావ్యమన్నారు, మరొకరు తలాతోకా లేని రాత అని కొట్టిపారేశారు. మొదటివారి భక్తికంటే రెండోవారి విసుగే నాకు నిజాయతీగా తోచింది.

ఒకే కుటుంబం కథను నాలుగు భాగాల్లో చెప్పే ఈ నవలలో మొదటి భాగం ఆ ఇంటి కొడుకు బెంజీది. వయసు 33, మాట రాదు, బుద్ధి పసివాడిది. కంచె సందులో బట్టలు మేకుకు తగులుకుంటే చాలు, అతని మనసు చిన్ననాటి చలికాలంలోకి జారిపోతుంది. కాలం మారిందనడానికి వాలు అక్షరాలే గుర్తు. అవీ అన్నిచోట్లా ఉండవు. పైగా బెంజీ అన్నగారికీ, మేనకోడలికీ క్వెంటిన్ అనే పేరు ఒకటే! వేర్వేరు కాలాలను రంగు సిరాల్లో అచ్చువేయించాలని ఫాక్నరే ఆశపడ్డారు. అలాంటప్పుడు తికమకపడ్డ పాఠకుణ్ని ఎగతాళి చేయడం ఏం న్యాయం?

అయినా 'తలాతోకా లేదు' అంటే ఒప్పుకోను. మూడో భాగాన్ని తన గొంతుతో చెప్పే జేసన్‌ను, బెంజీ మరో అన్నను, చూడండి. ఆ మేనకోడలి కోసం ఆమె తల్లి పంపే డబ్బు నొక్కేస్తాడు. ఊరికి వచ్చిన ప్రదర్శన చూడాలని తహతహలాడే లస్టర్ అనే కుర్రాడి కళ్లెదుటే, తనకు ఊరికే దొరికిన రెండు టికెట్లనూ పొయ్యిలో వేస్తాడు. ఆ కుళ్లుబుద్ధి అర్థం కావడానికి ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

నా ఫిర్యాదల్లా ఒకటే. ఇల్లంతా మోసే నల్లజాతి వంటమనిషి డిల్సీకి సొంత గొంతుతో ఒక్క భాగమైనా ఇవ్వలేదు.

కొత్తవారు జేసన్ భాగంతోనే మొదలుపెట్టవచ్చు. పండితులు కోప్పడితే పడనీయండి.

— ఒక పాఠకురాలు, విజయవాడ