ఆపరేషన్ ఎందుకు వద్దన్నారంటే

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు కేకలేసినందుకు నాకేం కోపం లేదు. "గర్భసంచి తీసేస్తే పోయేదానికి ఈ సెలైన్లేంటి, డాక్టర్ని మారుద్దాం" అన్నావు. మీ పెద్దమ్మదీ అదే మాట. మన వైపు గర్భసంచికి ఏ నలత చేసినా తీయించెయ్యడమేగా తెలిసింది! ఫోన్లో మాట్లాడేటప్పుడు నాన్న పక్కనే ఉంటారు, సగం మింగేస్తాను. అందుకే రాస్తున్నా.

నాది గర్భసంచి ముఖద్వారం క్యాన్సరే, కానీ మామూలు రకం కాదు. స్మాల్ సెల్ న్యూరోఎండోక్రైన్ అంటారట. ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి ఒకరిద్దరికే ఇది ఉంటుందట. బయాప్సీ ముక్కకి మళ్లీ వేరే పరీక్షలు చేసి తేల్చారు, ఆలస్యం అందుకే. ఇది గడ్డ చిన్నగా ఉన్నప్పుడే రక్తంలో పడి ఊపిరితిత్తులకో కాలేయానికో పోతుందట. గర్భసంచి ఒక్కటీ తీస్తే, అప్పటికే బయటపడ్డదాన్ని ఎవరు పట్టుకోవాలి? మరీ చిన్న గడ్డయితే ఆపరేషన్ చేసినా, కీమో తప్పదంది డాక్టరమ్మ. నాకు పక్క లింఫ్ గ్రంథుల్లోకి కూడా వచ్చింది. పెట్ స్కాన్‌లో మిగతా ఒంట్లో ఏమీ కనపడలేదు.

సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్ ఇస్తున్నారు. ఊపిరితిత్తుల్లో వచ్చే ఇలాంటి క్యాన్సర్‌కీ ఇవే మందులట. వరసగా మూడు రోజులు, మళ్లీ 21 రోజులకి. కిడ్నీలు పాడవకుండా సీసాల మీద సీసాలు ఎక్కిస్తారు. స్టాండు తోసుకుంటూ బాత్రూంకి తిరగడమే నా పని. వాంతులు భయపడ్డంత లేవు. జుట్టు మాత్రం దువ్వెనకి కుచ్చులుగా వచ్చేసింది, నాన్నే గుండు గీశారు.

నీకు చెప్పనిది ఒకటుంది. ముట్లు ఆగిన ఆరేళ్లకి మళ్లీ మరకలు కనపడితే, వేడి చేసిందనుకుని నాలుగు నెలలు సబ్జా నీళ్లు తాగాను. ముఖద్వారం దగ్గర కణాలు తీసి చూసే పాప్ పరీక్ష రెండేళ్ల కిందట బాగానే ఉందన్న ధీమా. ఈ రకం ఆ పరీక్షకి చాలాసార్లు చిక్కదట. ఆ సంగతి నాకేం తెలుసు!

ఇదీ ఎక్కువగా హెచ్‌పీవీ వైరస్ వల్లే వస్తుందట. పాపకి పదకొండేళ్లు నిండాయిగా, టీకా వేయించు. ఈ వయసులో రెండు డోసులు చాలు. అల్లుడుగారు మొహమాటపడితే నేను మాట్లాడతా.

విగ్గు తేవద్దు, మెత్తటి నూలు స్కార్ఫులు రెండు తే. లీవు ఇప్పుడే వాడెయ్యకు. వచ్చే కీమోతో పాటు కరెంటు, అదే రేడియేషన్, కూడా మొదలుపెడతారు. అయిదు వారాలు, ఆదివారం, శనివారం తప్ప రోజూ వెళ్లిరావాలి. అప్పుడు రా, నాన్న ఒక్కరే తిప్పలేరు.

మీ అమ్మ