‘ముస్లిమేతర’ అని మీరెలా రాశారు?

సంపాదకులకు నమస్కారం.

పాకిస్తాన్ పంజాబ్‌లో, తామూ ముస్లింలమేనని చెప్పుకునే అహ్మదీయుల ప్రార్థనా మందిరం మినార్లను పోలీసులే దగ్గరుండి కూల్చిన వార్తను పోయిన వారం విదేశీ వార్తల పేజీలో ఒక మూలన నాలుగు వాక్యాల్లో వేశారు. చోటు చాలలేదేమోనని సరిపెట్టుకునేవాణ్ణే. కానీ ఆ నాలుగు వాక్యాల్లోనూ వాళ్ళను ‘ముస్లిమేతర వర్గం’ అన్నారు. అప్పటి నుంచి ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

అది ఎక్కడి మాటో మీ డెస్కులో ఎవరూ అడగలేదా? పాకిస్తాన్ 1973 రాజ్యాంగం 20వ అధికరణ ‘చట్టానికి లోబడి’ అనే షరతుతో ప్రతి పౌరుడికీ మత స్వేచ్ఛ ఇచ్చింది. మరుసటి ఏడాదే, 1974 సెప్టెంబరులో, రెండో సవరణతో అహ్మదీయులు ముస్లింలు కారని పార్లమెంటు తేల్చేసింది. ఒకరి విశ్వాసం ఏమిటో ఓట్లు వేసి తేల్చే అధికారం పార్లమెంటుకు ఎవరిచ్చారు? 1984లో అక్కడి సైనిక పాలకుడు జియా ఉల్ హక్ ఆర్డినెన్సు వచ్చింది. ఆనాటి నుంచి అహ్మదీయుడు తన మందిరాన్ని మసీదన్నా, అజాన్ ఇచ్చినా, తాను ముస్లింనన్నా మూడేళ్ళ దాకా జైలు. అదంతా రాజ్యాంగబద్ధమేనని 1993లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ దేశంలో పాస్‌పోర్టు కోరే ప్రతి ముస్లిమూ అహ్మదీయ వర్గ స్థాపకుడు మోసగాడని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. పక్కింటివాడి నమ్మకాన్ని నిందిస్తే తప్ప పాస్‌పోర్టు రాదు.

నేను ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను. ప్రకృతి బలాల ఏకీకరణ పాఠం వచ్చినప్పుడల్లా 1979లో నోబెల్ అందుకున్న పాకిస్తానీ అహ్మదీయ శాస్త్రవేత్త అబ్దుస్ సలాం గారి గురించి పిల్లలకు చెప్పేవాణ్ణి. పాకిస్తాన్‌లోని రబ్వాలో ఆయన సమాధి పలక మీద ‘నోబెల్ పొందిన తొలి ముస్లిం’ అని రాస్తే, ‘ముస్లిం’ అన్న ఒక్క మాటను అధికారులు చెరిపించారు. చనిపోయిన మనిషిని కూడా వదల్లేదు. మీ వార్తలో జరిగిందీ అదే పని.

మన దేశంలో చట్టం అలా లేదు. అహ్మదీయులు ముస్లింలేనని కేరళ హైకోర్టు 1970లోనే చెప్పింది. 2011 జనగణన వాళ్ళను ముస్లింలలోనే లెక్కించింది. ఆ వర్గం పుట్టిన ఖాదియాన్ మన పంజాబ్‌లోనే ఉంది. అయినా 2012లో మన ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు వాళ్ళు ముస్లింలు కారని తీర్మానించింది. హైకోర్టు దాన్ని నిలిపేసినా 2023లో బోర్డు మళ్ళీ అదే ప్రకటన చేసింది. ఇది విద్వేష ప్రచారమని ఆ జూలైలో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ లేఖ రాయవలసి వచ్చింది. వక్ఫ్ భూములు ఆక్రమణల పాలవుతుంటే కాపాడవలసిన బోర్డు మనుషులను వెలివేసే పనిలో పడింది. అప్పుడు మీ సంపాదకీయ పేజీలో నాకు ఒక్క ముక్క కనబడలేదు.

ఒకప్పుడు పత్రికల్లో ఒక మాట అచ్చుకు వెళ్ళేముందు ఇద్దరు ముగ్గురు చూసేవారు. ఇప్పుడు ఏజెన్సీ నుంచి వచ్చింది వచ్చినట్టే తెలుగులోకి దించేస్తున్నారు. ఎవరి చట్టం ఎవరి నోట పలుకుతోందో చూసే తీరిక ఎవరికీ లేదు.

నేను అహ్మదీయుణ్ణి కాను, ముస్లింనూ కాను. ఆ వార్తకు సవరణ వేయమని అడుగుతున్నాను. అదే పేజీలో, కళ్ళకు ఆనే అక్షరాల్లో వేయండి.

- ఒక విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు