తండ్రి పోతేనే కొడుకు రైతా?

సంపాదకుడు గారికి,

‘యువత సాగు వైపు మళ్లాలి’ అంటూ ఒక ఉన్నతాధికారి చేసిన హితబోధ పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. మళ్లినవాడి గతి ఏమవుతుందో కూడా అచ్చు వేస్తారేమోనని ఈ ఉత్తరం.

మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి మిర్చి, పత్తి వేస్తున్నాడు. నాకు మోకాళ్లు సహకరించక, ఉన్న మూడెకరాలూ 2021లో వాడి పేరున గిఫ్టు డీడు రాసేశాను. మ్యుటేషన్ అయి రికార్డుల్లో పేరు మారింది, పాస్‌బుక్ వచ్చింది. కేంద్రం రైతులకు ఏటా ఇచ్చే పీఎం కిసాన్ డబ్బులు నాకు ఆగిపోయాయి. న్యాయమే, పొలం ఇప్పుడు నాది కాదుగా. మరి వాడికెందుకు రావు? 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి వాడి పేరున లేదట! ఆ తేదీ తర్వాత పేరు మారితే వారసత్వానికి మాత్రమే మినహాయింపు, అదీ పట్టాదారు చనిపోతేనే. ‘మీరు పోయుంటే తమ్ముడికి వచ్చేవి బాబాయ్’ అన్నాడు రైతు సేవా కేంద్రంలో కుర్రాడు. పాపం, అతనేం చేస్తాడు, రూలే అలా ఉంది.

ఒక్క పొలాన్ని ముక్కలు చేసి నలుగురు డబ్బులు తీసుకుంటారన్న భయంతో ఆ తేదీ పెట్టారనుకుందాం. ఇక్కడ ముక్కలెక్కడివి? ఒక పేరు పోయి ఒక పేరు వచ్చింది, అంతే. పైగా ఆ నిబంధన అయిదేళ్లకే అని మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ అయిదేళ్లూ 2024 ఫిబ్రవరికే నిండాయి. అయినా ఎవరినడిగినా ‘పైనుంచి ఏమీ రాలేదండీ’. ఆ పైన ఎవరుంటారో, కిందకి ఎప్పుడు చూస్తారో!

ఈ-క్రాప్ పంట నమోదులో మా వాడి పేరే. యూరియా బస్తాకు వాడి వేలిముద్రే. నీటి తీరువా కట్టాల్సిందీ వాడే. వసూళ్ల దగ్గర నిఖార్సయిన రైతు, ఇచ్చే దగ్గరకొచ్చేసరికి అనర్హుడు.

ఏడాదికి 6,000 రూపాయల కోసం ఇంత రాద్ధాంతమా అని మీ పాఠకులు అనుకోవచ్చు. ఎకరం మిర్చికి పెట్టుబడి లక్ష దాటిన రోజుల్లో ఆ డబ్బు మందులకు కూడా చాలదు. పథకం పెట్టినప్పుడూ 6,000, ఇప్పుడూ అంతే. నా బాధ డబ్బు గురించి కాదు. పాతికేళ్ల కుర్రాడు ఎండలో చేస్తున్నది సేద్యం కాదని కంప్యూటర్ చెబితే వాడి ముఖం ఎలా ఉంటుందో ఆ అధికారులు ఒకసారి చూడాలి. కౌలుకు చేసుకునే కుర్రాళ్లది ఇంకా ఘోరం. కేంద్రం సాయం వాళ్లకు అసలే లేదు. కౌలు కార్డుకేమో భూమి గలాయన సంతకం కావాలి, ఆయన పెట్టడు. ఎందుకు పెట్టడో ఊళ్లో అందరికీ తెలుసు, ఆఫీసులకే తెలియదు.

ఒకప్పుడు వ్యవసాయాధికారి చేలోకి వచ్చి ఆకు తిప్పి చూసి, రైతెవరో కళ్లారా చూసుకునేవాడు. ఇప్పుడు ఫొటో దిగి, అప్‌లోడ్ చేసి, జీపెక్కుతున్నారు.

మన రాష్ట్రం నుంచి లోక్‌సభలో 25 మంది ఉన్నారు. కాలం తీరిన ఆ కటాఫ్ తేదీ ఇంకా ఎందుకు పట్టుకు వేలాడుతున్నారని వాళ్లలో ఒక్కరైనా వ్యవసాయ మంత్రిని అడగాలి. ప్రశ్న తయారుచేసే తీరిక లేదంటే నేనే రాసిస్తాను.

— ఒక మిర్చి రైతు, పల్నాడు జిల్లా