మాట కోసం ఆగిన అడుగు

సంపాదకులకు నమస్కారం.

డెబ్బై ఆరేళ్ల మా అమ్మను నడకలో ఏదైనా అడిగితే ఆగిపోతుంది. నిలబడి జవాబు చెప్పి, ఆ తర్వాతే మళ్లీ కదులుతుంది. వెనక వచ్చేవాళ్లు విసుక్కునేవారు. నేనూ విసుక్కున్నాను. "నడుస్తూ చెప్పొచ్చు కదమ్మా" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. నిరుడు ఒకరోజు ఆమె నా మాట విని ఆగలేదు. మెట్లు దిగుతూనే, నేను అడిగిన ఒక నంబరును గుర్తుచేసుకుని చెప్పబోయింది. చివరి మెట్టు దగ్గర అడుగు తప్పి పడింది. మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో ఆమె కళ్లు, మోకాళ్లు, రక్తపోటు, ఎముకల పటుత్వం అన్నీ పరీక్షించారు. వయసుకు తగినట్టే ఉన్నాయన్నారు. పడిన క్షణంలో ఆమె మనసు ఏ పనిలో ఉందో మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న వైద్యపరీక్షలో ఎందుకు ఉండాలో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నడక కాళ్ల పని అనుకుంటాం. వయసులో ఉన్నంతకాలం వెన్నుపాము, చిన్నమెదడు, మెదడు లోతుల్లోని కేంద్రాలు కలిసి దాన్ని నడిపిస్తాయి, మనకు ఆ సంగతే తెలియదు. వయసు మీదపడేకొద్దీ అరికాళ్ల స్పర్శ మందగిస్తుంది, చూపు తగ్గుతుంది, చెవి లోపలి సమతూక వ్యవస్థ బలహీనపడుతుంది. అప్పుడు నుదుటి వెనక ఉన్న మెదడు భాగం కూడా ప్రతి అడుగునూ కనిపెట్టుకుని ఉండాల్సి వస్తుంది. పేరు గుర్తుచేసుకోవడం, లెక్క వేయడం, జవాబును మాటల్లో పెట్టడం కూడా చాలావరకు ఆ భాగం మీదే ఆధారపడే పనులు. రెండూ ఒకేసారి మీదపడితే ఏదో ఒకటి కుంటుపడుతుంది.

దీన్ని స్వీడన్ పరిశోధకులు చాలా సులువైన పద్ధతిలో గమనించారు. వృద్ధుల నివాసాల్లో ఉంటున్న 58 మందితో కలిసి నడుస్తూ మాటలు కలిపారు. 12 మంది మాట్లాడటానికి నడక ఆపారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడ్డారు. 1997లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇది. ఆగకుండా నడిచిన 46 మందిలోనూ 11 మంది పడ్డారు కాబట్టి, ఆగనివారికి ముప్పు లేదని అనుకోకూడదు. అయినా, యంత్రాలేవీ లేకుండా మాట కలిపి చూసినంత మాత్రాన ఇంత తెలిసిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ సమయంలో మెదడులో ఏం జరుగుతోందో చూడటం చాలాకాలం సాధ్యం కాలేదు. ఎంఆర్ఐ యంత్రంలో మనిషి కదలకుండా పడుకోవాలి మరి. నుదుటికి పట్టీలా కట్టుకుని నడవగలిగే పరికరాలు వచ్చాక దారి దొరికింది. అవి పరారుణ కాంతిని ఎముక దాటించి, లోపలి రక్తంలో ఆక్సిజన్ ఎలా మారుతోందో పసిగడతాయి. న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల పరిశోధకులు 166 మంది వృద్ధులను అక్షరమాలలో ఒకటి విడిచి ఒకటి చెబుతూ నడవమన్నారు. వీళ్లెవరికీ డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) గానీ, వైకల్యం గానీ లేవు. ఆ నడకలో నుదుటి వెనక భాగం ఎక్కువగా శ్రమించిన వారికి తర్వాతి కాలంలో పడిపోయే ముప్పు ఎక్కువగా ఉందని 2017లో ప్రకటించారు. నన్ను కలవరపెట్టిన విషయం మరొకటుంది. వాళ్ల నడక వేగాన్ని బట్టి గానీ, అక్షరాలు చెప్పిన తీరును బట్టి గానీ ఎవరు పడతారో తేలలేదు. పైకి బాగానే నడుస్తున్నవారు లోపల ఎంత కష్టపడుతున్నారో పక్కనున్నవాళ్లకు తెలిసే వీలే లేదన్నమాట.

మా అమ్మ ఆగడాన్ని ఇప్పుడు వేరుగా చూస్తున్నాను. మెదడుకు మిగిలిన వెసులుబాటు తక్కువని చెప్పే సూచన అది. తనను కాపాడుకోవడానికి ఆ మెదడే చేసుకున్న ఏర్పాటు కూడా అదే. ఆ ఏర్పాటును నా తొందరతో నేనే చెడగొట్టాను.

అందుకే వైద్యులను, ఆరోగ్య శాఖలను అడుగుతున్నాను. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోమనే పరీక్ష ఎప్పటినుంచో ఉంది. వృద్ధులకు దాన్నే రెండోసారి, ఒక అంకె నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెడుతూ చేయించండి. దానికి గడియారం చాలు, ఇంకో రెండు నిమిషాలు చాలు. స్వల్ప జ్ఞాపకశక్తి లోపం ఉన్నవారిలో, ఇలా రెండు పనులు చేసేటప్పుడు నడక 20 శాతానికి మించి నెమ్మదించిన వారికి తర్వాత డిమెన్షియా వచ్చే అవకాశం ఎక్కువని కెనడాలో జరిగిన అధ్యయనం చూపింది. ఆగిన ప్రతివారికీ ఆ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు, దయచేసి ఎవరూ భయపడవద్దు. ముందే తెలిస్తే చేయగలిగింది కూడా ఉంది. జెనీవాలో వృద్ధులకు పియానో లయ మారినప్పుడల్లా అడుగు మార్చుతూ నడిచే శిక్షణను వారానికి ఒక గంట చొప్పున ఆరు నెలలు ఇస్తే, పడిపోవడాలు తగ్గాయి.

రోడ్లు వేసేవారికి కూడా ఒక మాట. చాలాచోట్ల పాదచారుల సిగ్నల్ సమయాన్ని సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని లెక్కిస్తారు. ఇంగ్లండ్‌లో 65 ఏళ్లు దాటినవారిని కొలిస్తే పురుషుల సగటు వేగం 0.9 మీటర్లు, స్త్రీలది 0.8 మీటర్లుగా తేలింది. అది కూడా వాహనాలను, దీపాన్ని, హారన్లను గమనించే పని లేకుండా కొలిచిన వేగం. రోడ్డు దాటేటప్పుడు అవన్నీ ఒకేసారి మెదడు మీద పడతాయి. సెకనుకు 0.8 మీటర్ల లెక్కన పచ్చదీపం వెలిగేలా సిగ్నళ్లను సరిచేయమని, రోడ్డు మధ్యలో ఆగి నిలబడటానికి కాస్త చోటు కట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు