బెట్టా చేపకి గాజు బౌల్ చాలదు, దయచేసి ఆ మాట దిద్దండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్‌తో వచ్చిన పుస్తకంలో ఇల్లు అందంగా సర్దుకోవడం మీద ఒక పేజీ వేశారు. టీవీ పక్కన గుండ్రటి గాజు బౌల్, అందులో నీలం రంగు బెట్టా చేప, కింద ఫిల్టర్ అక్కర్లేదు, ఆక్సిజన్ మోటార్ అక్కర్లేదు, చిన్న బౌల్ చాలు అని రాశారు. అది చదివినప్పట్నుంచి నా మనసు మనసులో లేదండీ. ఎందుకంటే మూడేళ్ళ కింద ఇదే మాట షాపులో విని, నమ్మి, ఇంటికి తెచ్చుకున్న చేపని మా చేతులారా చంపుకున్నాం.

మా పాప పుట్టినరోజుకి కొన్నాం. షాపుల్లో ఫైటర్ అంటారు కదా, అదే. రెండు లీటర్ల బౌల్, అడుగున రంగు రాళ్ళు, ఒక ప్లాస్టిక్ మొక్క. మొదటి నెల బాగానే ఉంది, పాప దగ్గరకెళ్తే అద్దం దాకా వచ్చేది. తర్వాత తోక అంచులు చిరిగిన గుడ్డలా అయ్యాయి, రెక్కలు విప్పడం మానేసింది, డిసెంబర్ వచ్చేసరికి రోజంతా రాళ్ళ మీద పడుకుని గాలి కోసం మాత్రం పైకి వచ్చి మళ్ళీ కిందకి పోయేది. సంక్రాంతి సెలవుల్లో పోయింది. షాపతన్ని అడిగితే ఫైటర్ ఆరు నెలలే బతుకుతుంది మేడం, ఇంకోటి తీసుకెళ్ళండి అన్నాడు. తర్వాత తెలుసుకుంటే సరిగా చూసుకుంటే మూడేళ్ళ దాకా బతుకుతాయట, కొన్ని ఇంకా ఎక్కువే.

బెట్టా బౌల్‌లో చాలు అనే మాట ఎక్కడ్నుంచి వచ్చిందో మన తెలంగాణ వాళ్ళకి చెప్పడం తేలిక, మనకి కొర్రమీను తెలుసు కాబట్టి. మార్కెట్‌లో కొర్రమీనుల్ని బేసిన్‌లో నాలుగు వేళ్ళ నీళ్ళల్లో పెట్టి అమ్ముతారు, సాయంత్రం దాకా బతికే ఉంటాయి, ఎందుకంటే అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. బెట్టా కూడా అంతే, మొప్పలు కాక తలలో లాబిరింత్ అని ఇంకో అవయవం ఉంది, దాంతో పైనుంచి గాలి మింగుతుంది. అందుకే వేరే చేప అయితే ఒక్కరోజులో తేలిపోయే నీళ్ళల్లో ఇది నెలల తరబడి లాగిస్తుంది. బేసిన్‌లో కొర్రమీను బతికుంది కదా అని అది అక్కడ హాయిగా ఉందని మనలో ఎవరూ అనుకోం. బెట్టాకి రంగు రెక్కలున్నాయి కాబట్టి, టేబుల్ మీద అందంగా కనిపిస్తుంది కాబట్టి అలా అనుకుంటున్నాం, అంతే తేడా.

గాలి పీల్చుకుంటే ఊపిరి సమస్య తీరుతుంది గానీ నీళ్ళ సమస్య తీరదు. చేప మొప్పల్లోంచే అమ్మోనియా వదులుతుంది, మిగిలిన మేత కుళ్ళినా అదే వస్తుంది, అది మొప్పల్ని, చర్మాన్ని కాల్చేస్తుంది. చెరువులో అయితే దాన్ని తినే బ్యాక్టీరియా ఉంటుంది, ముందు నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇంట్లో ఫిల్టర్ చేసే అసలు పని ఆ బ్యాక్టీరియాకి చోటు ఇవ్వడమే, బుడగలు రావడం కాదు. కొత్త ట్యాంక్‌లో అది నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టర్ లేని రెండు లీటర్ల బౌల్‌లో అది నిలిచే దారే దాదాపు లేదు, పైగా మేము మురికి కనిపించినప్పుడల్లా చేపని మగ్గులోకి తీసి రాళ్ళతో సహా కడిగి కొళాయి నీళ్ళు పట్టేసేవాళ్ళం, శుభ్రంగా చూసుకుంటున్నాం అనుకుంటూ. ఆ నీళ్ళలో క్లోరిన్ ఒక దెబ్బ, చల్లదనం ఇంకో దెబ్బ. ఒకే చేప, ఒకే మలినం, 20 లీటర్లలో అయితే గాఢత పదో వంతే ఉంటుంది, ఈ చిన్న లెక్క కూడా అప్పుడు తట్టలేదు. మన బోరు నీళ్ళలా లవణాలు ఎక్కువున్న నీళ్ళలో పీహెచ్, అంటే క్షారగుణం, ఎక్కువైతే, ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే, అదే అమ్మోనియా ఇంకా ఎక్కువ విషం అవుతుంది.

చలి సంగతి అందరూ మర్చిపోతారు. ఇది థాయ్‌లాండ్ చేప, అక్కడి వరి మడుల్లో, కాల్వల్లో, బురద కుంటల్లో పుట్టింది, వాళ్ళు ప్లా కట్ అంటారు, కరిచే చేప అని. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. దీనికి 24 నుంచి 28 డిగ్రీల నీళ్ళు కావాలి. మా హనుమకొండలో డిసెంబర్ రాత్రులు ఎలా ఉంటాయో మీకు తెలుసు, రెండు లీటర్ల నీళ్ళు తెల్లారేసరికి చల్లబడిపోతాయి, మధ్యాహ్నం కిటికీ ఎండకి మళ్ళీ వేడెక్కుతాయి.

వరి మడిలో నీళ్ళు జానెడే కదా, మరి బౌల్ చాలదా అని మా బంధువు ఒకాయన వాదించాడు. మా అమ్మమ్మ వాళ్ళది పరకాల దగ్గర పల్లె, చిన్నప్పుడు ఆ మడుల్లోనే తిరిగాను నేను. లోతు జానెడే, నిజం. కానీ ఆ మడి ఎంత వెడల్పు, గట్టు తెగితే పక్క మడికి, అక్కడ్నుంచి కాల్వకి, కుంటకి దారి. నిండా మొక్కలు, పురుగులు, దాక్కోవడానికి నీడ. పెంపకందారులు మగ చేపల్ని సీసాల్లో పెడతారు కదా అనీ అంటారు. పెడతారు, ఎందుకంటే రెండు మగవి కలిస్తే కొట్టుకు చస్తాయి, కానీ పిల్లల్ని పెంచేది పెద్ద తొట్లలో, సీసాలో పెట్టేది అమ్మేదాకా. మనం మాత్రం ఆ సీసానే దానికి ఇల్లు అనేసుకున్నాం.

1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మనిషి తప్ప ప్రాణం ఉన్న ప్రతిదీ జంతువే, కదలడానికి సరిపడా చోటు లేని బోనులో, పాత్రలో బంధించడం 11వ సెక్షన్ కింద నేరం. జరిమానా మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలు అని రాశారు, అంటే భయపడేవాళ్ళు ఎవరూ లేరు. నేను ఎవరి మీదా కేసు పెట్టమనట్లేదు, పుట్టినరోజులకి రిటర్న్ గిఫ్ట్ అని అరలీటరు డబ్బాల్లో చేపల్ని పెట్టి ముప్పై మంది పిల్లలకి పంచుతున్నారే, అది మాత్రం ఆగాలి.

ఏడాది ఆగి ఇంకో చేపని తెచ్చాం. ఈసారి ట్యాంక్ ముందు, చేప తర్వాత. 25 లీటర్ల మామూలు గాజు ట్యాంక్, చిన్న స్పాంజ్ ఫిల్టర్, చలికాలానికి హీటర్, థర్మామీటర్, మొత్తం రెండు వేల లోపే అయింది. పొడుగు రెక్కల వాటికి ప్రవాహం ఎక్కువైతే ఈదలేక అలిసిపోతాయి, అందుకే మోటార్ గాలి తగ్గించి పెట్టాం, పెద్ద ట్యాంక్‌లో ఫైటర్ భయపడుతుంది అనే మాటలో ఉన్న నిజం అంతవరకే. ఇది దూకుతుంది కాబట్టి మూత ఉండాలి, మూతకీ నీళ్ళకీ మధ్య గాలి ఉండాలి. మా వీధి చివర బాదం చెట్టు కింద ఎండి రాలిన ఆకు ఒకటి కడిగి వేస్తాం, నీళ్ళు పలచటి టీ రంగులోకి వస్తాయి, చేపకి అది ఇష్టం, పెంచేవాళ్ళంతా చేసేదే. ఇప్పుడది పొద్దున్నే ట్యాంక్ ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతుంది, ఆకు కింద దూరుతుంది, ఫిల్టర్ వెనక్కి పోయి తొంగి చూస్తుంది. మొదటిదాన్ని ఆరు నెలలు చూశాను కదా, అది ఒక్కరోజు కూడా ఇలా తిరగలేదు, తిరగడానికి ఎక్కడుందసలు.

మీ పేజీ చూసి ఇప్పటికే బౌల్ కొన్నవాళ్ళు ఉంటారు, వాళ్ళకోసమైనా ఈ నాలుగు మాటలు వేయండి. పెద్ద ట్యాంక్ తెచ్చేలోపు రోజూ మూడో వంతు నీళ్ళు మాత్రమే మార్చండి, ఆ నీళ్ళలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, బౌల్ పక్కనే పెట్టి ఒకే వేడికి వచ్చాక పోయండి. మేత రోజుకి రెండు మూడు గింజలకి మించొద్దు. కిటికీ దగ్గర, ఫ్యాన్ కింద పెట్టొద్దు. ఇక పెంచలేం అనిపిస్తే చెరువులోనో కాల్వలోనో వదలొద్దు, అది మన నీళ్ళ చేప కాదు, ట్యాంక్ ఉన్నవాళ్ళకి ఇవ్వండి. వచ్చే ఆదివారం అదే పేజీలో, ఆ ఫోటో ఎంత పెద్దగా వేశారో కనీసం అందులో సగం చోటైనా దీనికి ఇవ్వమని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ