ఒక్క రన్‌వే ఆగితే

సంపాదకుల వారికి,

2019 జులై 1 రాత్రి ముంబైలో జైపూర్ నుంచి వచ్చిన విమానం వానలో రన్‌వే దాటి బురదలో కూరుకుపోయింది. దాన్ని బయటికి లాగి ప్రధాన రన్‌వే తెరిచేసరికి జులై 5 వచ్చింది. ఈలోగా ఉన్న రెండో రన్‌వే పొట్టిది, అందుకే చాలా విమానాలు ఆగిపోయాయి. జులై 2న అమ్మాయి కాన్పుకని ముంబైకి బయల్దేరిన నేను మాగాయ సీసా ఒళ్లో పెట్టుకుని శంషాబాద్‌లో తెల్లవార్లూ బోర్డు చూస్తూ కూర్చున్నాను. కారణం చెప్పిన నాథుడు లేడు!

తిరుపతి, రాజమండ్రిలో ఉన్నది ఒకటే రన్‌వే. దిగిన విమానం టైరు పేలినా, జాకీ ఎత్తి చక్రం మార్చేదాకా అన్నీ గాల్లో తిరగాల్సిందే, లేదా వేరే ఊరు పోవాల్సిందే. మొరాయించిన విమానాన్ని కదిలించే సామగ్రి, సిబ్బంది అక్కడెంత దగ్గరలో ఉన్నాయో అధికారులు ప్రజలకు చెప్పాలి.

– ఒక ప్రయాణికురాలు, హైదరాబాద్